కొండల్ నాలుక మీది మచ్చ

కొండల్ నాలుక చివర మినపగింజంత నల్లమచ్చ ఉండేది. పుట్టుమచ్చ ఒంటి మీద ఇంకెక్కడున్నా ఎవరికీ పట్టదు గానీ నాలుక మీద ఉంటే మాత్రం ఊరు ఊరుకోదు. మచ్చనాలుక వాడు అన్న మాట అయి తీరుతుందని శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ఐదేళ్లప్పుడు పక్కింటి బర్రెను చూసి "గిది ఈనది" అన్నాడట, అది ఈనలేదు. పదేళ్లప్పుడు ఎండలో నిలబడి వాన వస్తదన్నాడట, వచ్చింది. అదే నోటితో తాను పెద్దయ్యాక రైలు నడుపుతానని కూడా అన్నాడు. రైలు కాదు గదా, స్కూటర్ కూడా సరిగ్గా నడపడం రాలేదు. ఆ మాటలు ఎవరికీ గుర్తు లేవు. ఊరి తీరే అంత, తగిలిన రాయిని పట్టుకుని ఊరేగిస్తుంది, తప్పిన రాళ్ల ఊసెత్తదు.

దాంతో కొండల్ బతుకంతా ఆ మచ్చ చుట్టే తిరిగింది. బోరు వేసేవాళ్లు ముందుగా వచ్చి "నీళ్లు పడ్తయని జర అనరాదు కొండలూ" అని బతిమాలేవాళ్లు. పడకపోతే, మనసు పెట్టి అనలేదని సణిగేవాళ్లు. బాలింతలున్న ఇళ్ల ముందు నుంచి పోతుంటే ఆడవాళ్లు పిల్లల మొహాల మీద కొంగు కప్పేవాళ్లు. అతనికి కోపం రాలేదు. లోపల లోపల కొంచెం గర్వం కూడా ఉండేది, లేదంటే అబద్ధం.

తండ్రి దున్నిన చెలక ఎయిర్‌పోర్టు గోడ లోపలికి పోయింది. 2008లో విమానాలు మొదలైనప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర అతనికి పని దొరికింది. పిట్టలను తరిమే పని. రన్‌వే పక్కన గడ్డిలో వాలే కొంగల్ని, గద్దల్ని, తీతువు పిట్టల్ని పటాకులు పేల్చి లేపడం. విమానం ఇంజన్లో పిట్ట పడితే ఏమవుతుందో మొదటి రోజే బొమ్మలేసి చూపించారు. జీపు నడిపేది మల్లేశ్వర్ అనే తుక్కుగూడ మనిషి. నోరు ఊరుకోని మనిషి.

"గీ పటాకులు ఎందుకన్నా దండుగ? నువ్వు దిగి 'సావుండ్రి' అను, అన్ని గక్కడనే రాలిపడ్తయి," అనేవాడు.

ఆ రోజుల్లో కొండల్ ఆ మాటకు పడీపడీ నవ్వేవాడు.

కొండల్ తల్లి జంగమ్మకు చక్కెర జబ్బు. 2012 నాటికి మూత్రపిండాలు కూడా చెడిపోయాయి, ఇక ఎక్కువ రోజులు లేవని కొండల్‌కు చెప్పారు కూడా. దవాఖానలో డాక్టరు ఉప్పు వద్దన్నాడు, నీళ్లు కొలిచి తాగమన్నాడు, కల్లు ముట్టవద్దన్నాడు. మొదటి రెండూ ఆమె ఒప్పుకుంది. కల్లు సంగతి వినిపించనట్టే కూర్చుంది. పుట్టినప్పటి నుంచి తాగిన కల్లు. మాఘమాసంలో ఒక సాయంత్రం, కోడలు స్వరాజ్యం పిల్లను ఇంట్లోనే ఉంచి పుట్టింటికి పోయి ఉండగా, మంచంలోంచి కొడుకును ఆరుసార్లు అడిగింది.

"పెద్దోడా, జరంత. గొంతు తడిస్తే సాలు."

పొద్దున నాలుగింటికి డ్యూటీకి పోయి వచ్చిన మనిషి. కాళ్లు పీకుతున్నాయి. ఆమె మందులు అయిపోయాయి, మళ్లీ శంషాబాద్ దాకా పోవాలి. ఏడోసారి అడిగింది.

"తాగు! తాగి సావు!" అని చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు.

అందరిళ్లలో అనే మాటే. తెలంగాణలో తల్లీ కొడుకులు రోజుకు నాలుగుసార్లు ఒకరినొకరు సావుమనుకుంటారు, తర్వాత కూర్చుని ఒకే కంచంలో తింటారు. కొండల్ మందులు తెచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. తెల్లారి చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది.

మూడోనాడు ఆమెను పూడ్చిన బొంద దగ్గర పిట్టకు పెట్టారు. ఊరి బొందలగడ్డ ఎయిర్‌పోర్టు గోడకు ఆనుకునే ఉంటుంది. అన్నం, కోడికూర, గుడాలు, ఆమెకు ఇష్టమైన కల్లు ముంతలో పోసి విస్తరి పక్కన పెట్టి అందరూ దూరంగా జరిగారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా తాగరు. గంట గడిచింది. కాకి కాదు గదా, ఆ గడ్డ మీద చీమ కూడా కదలలేదు. గాలి లేదు. ఉండుండి గోడ అవతలి నుంచి ఢామ్మని పటాకుల చప్పుడు. అది తన జట్టు చేస్తున్న చప్పుడేనని, ఆ చప్పుడుకు కిలోమీటరు దూరంలో పిట్ట నిలవదని అక్కడున్న వాళ్లలో అందరికంటే బాగా తెలిసినవాడు కొండలే. తెలిసినా లాభం లేకపోయింది.

పిట్ట ముట్టకపోతే బంధువులు ఒక్కొక్కరే ముందుకు పోయి పోయినవాళ్లకు మాట ఇస్తారు. నీ మనవరాలిని సదివిస్తం, నీ బర్రెను అమ్మం, అని. అలా అందరూ చెప్పారు. మేనమామ బుచ్చయ్య చివరికి కొండల్ వైపు తిరిగాడు.

"అల్లుడా, పెద్దకొడుకువు. నువ్వొక్క మాట అను. నీది మచ్చనాలుక, నీ మాట ఆమెకు ఇనవడ్తది."

కొండల్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి ఆ సాయంత్రం అన్న మాటే వచ్చి కూర్చుంది. ఇంకొకటి రాలేదు. నోరు మూసుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చాక బుచ్చయ్య విసుగొచ్చి ఆ అన్నం ఆవుకు పెట్టించాడు. వెళ్తూ వెళ్తూ, "అక్కకు ఎవరి మీదనో కోపం పోలే," అన్నాడు. ఎవరి మీదనో అతను చెప్పలేదు.

ఆ రోజు నుంచి కొండల్ మాట్లాడటం మానేశాడు.

ఒట్టు పెట్టుకుని మానలేదు. ముందు అవసరమైనవే మాట్లాడాడు, తర్వాత 'ఆ', 'ఊ' మిగిలాయి, దసరా నాటికి అవీ తగ్గి తల ఊపడం మిగిలింది. భార్యతో చేతి సైగలు. ఇద్దరి మధ్యా పడుకునే ఎనిమిదేళ్ల కూతురు అఖిలతో అవి కూడా లేవు. పిల్ల ఎదురొస్తే పెదాలు బిగించుకుని పక్కకు తప్పుకునేవాడు. పిల్లలను కోపంలో ఏ మాట అంటామో తెలియదు కదా. అన్నం పారబోసిందని ఒక్క మాట జారితే? తల్లి విషయంలో ఒకసారి చూశాడు. రెండోసారి చూడటానికి అతనికి ధైర్యం లేదు. పిల్ల మొదట్లో చేయి పట్టుకుని లాగేది, తర్వాత దూరం నుంచి చూసేది, తర్వాత చూడటం కూడా మానుకుంది. బడిలో టీచర్లు అఖిల పలకడం లేదని కబురు పెట్టారు.

"ఒక్క కొంపల ఇద్దరు మూగోళ్లు. నేనెవలతోని మాట్లాడాలె, గోడలతోనా?" అని స్వరాజ్యం ఏడ్చింది. కొండల్ తల వంచుకున్నాడు. పిల్ల తన వల్లే అలా అయిపోతోందని అతనికి తెలుసు. మాట్లాడితే చంపుతానేమోనని భయం, మాట్లాడకుండానే చంపుతున్నానేమోనని ఇంకో భయం.

ఇంతలో ఆ గొంతు మొదలైంది.

మొదటిసారి మిట్టమధ్యాహ్నం వినిపించింది. రన్‌వే చివర ఎండ నీళ్లలా పారుతోంది. మల్లేశ్వర్ జీపులో కునుకు తీస్తున్నాడు. కొండల్ ఒక పటాకు పేల్చాడు. చప్పుడు పోయాక అంత పెద్ద మైదానంలో ఒక నిశ్శబ్దం వస్తుంది, చెవిలో దూది కుక్కినట్టు. ఆ నిశ్శబ్దంలో, వెనకనుంచి, చాలా దగ్గరగా, తల్లి గొంతు అన్నది.

"సంపినవ్ గద."

తిరిగి చూశాడు. కోసిన గడ్డి. దూరంగా ఒక తీతువు పిట్ట ఒంటికాలి మీద నిలబడి అతని వైపే చూస్తోంది. అంత చప్పుడుకు కూడా అది లేవలేదు.

తర్వాత రోజూ వచ్చేది. పటాకు పేలాక, విమానం దాటిపోయాక, నల్లా కట్టేశాక, ఎక్కడ చప్పుడు ఆగితే అక్కడ. అరిచేది కాదు, తిట్టేది కాదు. ఎప్పటినుంచో తెలిసిన సంగతి గుర్తుచేస్తున్నట్టు మెల్లగా అనేది. సంపినవ్ గద. నోరిప్పకు. పిట్టలు కూడా అతనికి బెదరడం మానేశాయని కొండల్‌కు అనిపించింది. కొంగలు అందరికీ లేచేవి, అతను దగ్గరికి వస్తే ఒక అడుగు పక్కకు వేసి ఊరుకునేవి.

కార్తీకంలో ఒకరోజు మల్లేశ్వర్ పటాకుల గొట్టం మీదికి వంగి ఏదో సర్దుతున్నాడు. ఒత్తి అంటుకుని ఉందని అతను చూడలేదు, కొండల్ చూశాడు. "జరుగు" అంటే చాలు. ఒక్క మాట. నోరు తెరిచేలోపు చెవి పక్కన గొంతు, "అంటే సస్తడు," అంది. కొండల్ నోరు మూసుకున్నాడు. మల్లేశ్వర్ రెండు వేళ్లు కాలి బొబ్బలెక్కాయి.

కట్టు కట్టించుకుని వచ్చాక మల్లేశ్వర్ తిట్టలేదు. కొండల్ పక్కన కూర్చుని చాలాసేపు అతని మొహమే చూశాడు.

"నువ్వు సూసినవన్నా. సూసి సుత సెప్పలే. నీకేమైంది?" అన్నాడు. కొండల్ కళ్లనుంచి నీళ్లు కారాయి. "ఇగ నువ్వేం సెప్పకు. ఐతారం నా ఎంట రా."

శంషాబాద్ బస్టాండు వెనక ఒక డాక్టరు గారి క్లినిక్‌లో ఆదివారాలు మాధవీలత అనే ఆమె కూర్చునేది. మనసు బాగాలేని వాళ్లతో మాట్లాడటం ఆమె పని. కృష్ణా జిల్లా వైపు మనిషి, ప్రతి మాటకూ 'అండీ' తగిలిస్తుంది. మల్లేశ్వర్ చెల్లెలు కాన్పు తర్వాత ఆమె దగ్గరే బాగుపడింది. మొదటి ఆదివారం గంటసేపు కొండల్ నోరు విప్పలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు, కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చుంది. రెండో ఆదివారం అతను గొంతు సవరించుకుని, ఎన్నో నెలల తర్వాత మొదటి పూర్తి మాట అన్నాడు.

"నేను మాట్లాడితే మీకేమన్న అయితది మేడం."

"అయితే అయిందిలెండి. నేను ఒప్పుకునే కూర్చున్నాను. చెప్పండి."

చెప్పాడు. మచ్చ, కల్లు, పిట్ట, గొంతు, అన్నీ. 'తాగి సావు' అన్న మాట ఒక్కటి మాత్రం దాచాడు. తల్లితో తప్పుగా మాట్లాడానన్నాడంతే. ఆమె గుచ్చి అడగలేదు. మచ్చలూ శాపాలూ మూఢనమ్మకాలని పాఠం చెప్పలేదు. ఆ పాఠం కొండల్ తనకు తానే వందసార్లు చెప్పుకున్నాడు, గొంతు వింటేనా? వాదంలో ఆ గొంతును గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదు.

"మన మెదడు భయం కోసం తయారైందండీ," అంది ఆమె. "పాము అనుకుని వంద తాళ్లకు ఉలిక్కిపడినా ఫరవాలేదు, ఒక్క పామును తాడనుకోకూడదు, అదీ దాని లెక్క. బయట పాము లేకపోతే లోపల మన మీదే బుస కొడుతుంది. అలాంటి మెదడును మీరు కోరి తెచ్చుకోలేదు. అది మీ తప్పు కాదు. కానీ దాన్ని చూసుకోవాల్సింది మాత్రం మీరే."

కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తీయమంది. మీ మీద దయగా ఉండే మొహాన్ని ఒకదాన్ని తలుచుకోమంది. కొండల్ కళ్లు మూసుకున్నాడు. వెంటనే తెరిచేశాడు.

"ఏం కనిపించింది?"

"అమ్మ. బొంద కాడ గోడ మీద కూసున్నది. మొఖం ఇటు తిప్పుతలేదు మేడం. నేను పిలుస్తనని తెలుసు. తిప్పుతలేదు."

ఆమె నోట్సు రాయడం ఆపింది. దయను తలుచుకోమంటే కొందరికి ముందు భయమే వస్తుందని, అది మామూలేనని చెప్పింది. మనిషే కానక్కర్లేదు, చెట్టైనా పశువైనా సరేనంది. కొండల్ సిగ్గుపడుతూ, చిన్నప్పుడు తాను చలికాలంలో తమ బర్రె కడుపుకు ఆనుకుని పడుకునేవాడినని చెప్పాడు. అది పెద్ద పెద్ద ఊపిర్లు తీసేది, దాంతోపాటు తానూ పైకీ కిందికీ ఊగేవాడు.

"ఇంకేం. ఆ బర్రెతో పాటే ఊపిరి తీయండి," అంది మాధవీలత, నవ్వకుండా.

లోకంలో దయగల మూర్తులను తలుచుకుని బాగుపడ్డవాళ్లు ఎందరో ఉంటారు, కొండల్‌కు మాత్రం బర్రె దిక్కైంది. జీపులో, బాత్రూములో, మంచం మీద, గొంతు వచ్చినప్పుడల్లా ఆ ఊపిరి తీసేవాడు. గొంతు పోలేదు. కానీ అది వచ్చినప్పుడు కాళ్లు వణకడం తగ్గింది.

ఐదో ఆదివారం ఆమె ఒక విచిత్రమైన ప్రశ్న అడిగింది.

"అమ్మగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?"

"పెద్దోడా అనేది. తిట్టినా గంతే. పెద్దోడా అనకుంట నోరు తెరవదు."

"ఆ గొంతు ఏమని పిలుస్తుంది?"

కొండల్ ఆలోచించాడు. నెలల తరబడి రోజూ విన్న గొంతు. ఒక్కసారి కూడా పిలవలేదు.

"అయితే అమ్మ కాదా మేడం? మరి... ఎవలది?"

జవాబుగా ఆమె ఒక ఖాళీ కుర్చీ లాగి అతని ఎదురుగా వేసింది. అందులో కూర్చుని ఆ గొంతే తానై మాట్లాడమంది. కొండల్ మారి కూర్చున్నాడు. తర్వాత అతని నడుము వంగింది, మెడ కొంచెం పక్కకు వాలింది, నోట్లోంచి మాట వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్న మల్లేశ్వర్ తర్వాత కాంపౌండర్ను అడిగాడట, లోపలికి ముసలామె ఎప్పుడు పోయిందని.

"సంపినవ్ గద. నోరిప్పకు."

"నోరు విప్పితే ఏమవుతుందని మీ భయం?" మాధవీలత ఆ కుర్చీనే అడిగింది, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా.

"పిల్ల ఉన్నది," అంది గొంతు. "పిల్లను సుత సంపుతడు."

కొండల్ చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు తగ్గాక ఆమె మంచినీళ్లిచ్చి, మీ పనిలో ఇలా మీదిమీదికొచ్చి అరిచే పిట్ట ఉందా అని అడిగింది.

"తీతువు. తల మీదికొచ్చి పొడిచినట్టు అరుస్తది. కోపంతోని కాదు మేడం. కిందెక్కడనో గుడ్లు పెట్టుకుంటది, తొక్కుతమని భయం దానికి." అని, కొండల్ ఆగిపోయాడు. "మరి గీ గొంతు సుత గదేనా? అఖిల కోసమా?"

"నాకు తెలియదు. మీరే చెప్పాలి. తీతువును ఏం చేస్తారు మీరు?"

"అది అరిస్తే ఏం చెయ్యం. కాలు జూసి పెడ్తం."

ఇంటికి వెళ్తూ అతను మల్లేశ్వర్‌తో మాట్లాడాడు. పెద్దగా ఏమీ కాదు, వేళ్లు ఎట్లున్నయని అడిగాడు. మల్లేశ్వర్ బండి ఆపి, తిరిగి చూసి, మళ్లీ బండి తీశాడు. కానీ ఇంటి గడపలో పిల్ల ఎదురొచ్చేసరికి కొండల్ పెదాలు వాటంతట అవే బిగుసుకున్నాయి. కుర్చీలో కూర్చుని ఏడవడం సులువే. ఎనిమిదేళ్ల పిల్ల ముందు నోరు తెరవడం అంత సులువు కాదు. మాధవీలత అప్పగించిన పని ఒక్కటే, అఖిలతో ఒక్క మాట. ఏ మాటైనా సరే. మూడు ఆదివారాలు కొండల్ తల అడ్డంగా ఊపి వచ్చాడు.

తల్లి ఏడాది మాసికం ఇంకా పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. స్వరాజ్యం పెరట్లో నల్లా కింద బట్టలు ఉతుకుతోంది. ఇల్లు చల్లగా, చీకటిగా ఉంది. కొండల్ గడప దాటాడు. పెరట్లో నల్లా ఆగింది. చప్పుడు ఆగింది.

"సంపినవ్ గద," అన్నది గొంతు.

కొండల్ అలవాటుగా ఊపిరి తీయబోయాడు. ఊపిరి సగంలో నిలిచిపోయింది. ఈసారి మాట తలలోంచి రాలేదు. చెవి పక్కన కూడా రాలేదు. జంగమ్మ చనిపోయిన లోపలి గదిలోంచి వచ్చింది.

"నోరిప్పకు," అన్నది మళ్లీ. మెల్లగా, తీరుబడిగా. అదే మాట, అదే సాగదీత.

పారిపోదామనిపించింది. నిజంగానే ఒక కాలు గడప బయట పెట్టాడు. ఏడాదిగా ఏ దయ్యానికి భయపడి బతికాడో అది ఇంట్లో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో అఖిల కూడా ఉంది. బడికి పోలేదు, ఒళ్లు వెచ్చగా ఉందని పొద్దున స్వరాజ్యం చెప్పింది. కొండల్ కాలు వెనక్కి తీసుకుని, గోడ పట్టుకుని, గదిలోకి పోయాడు.

బియ్యం డ్రమ్ముకూ గోడకూ మధ్య సందులో అఖిల నిలబడి ఉంది. మొహం గోడ వైపు. నుదురు గోడకు ఆనించి, మెడ కొంచెం పక్కకు వాల్చి, పెదాలు మాత్రం కదిలిస్తోంది.

"సంపినవ్ గద. సంపినవ్ గద."

కొండల్ అక్కడే కూలబడ్డాడు. చప్పుడుకు పిల్ల తిరిగి చూసింది. తండ్రిని చూడగానే రెండు చేతులతో నోరు మూసుకుంది. కొట్టడానికొచ్చిన వాళ్లను చూసినట్టు చూసింది. ఆ చూపు కొండల్ గుండెల్లో దిగబడింది.

బర్రె ఊపిరి ఒకటి తీశాడు. రెండోది తీశాడు. మూడోదానికి మాట బయటికొచ్చింది.

"బిడ్డా. గా మాట నీకెవలు సెప్పిండ్రు?"

అఖిల నోటి మీది చేతులు తీయలేదు. వేళ్ల సందుల్లోంచే అంది. "నువ్వే."

"నేనా?"

"రోజు అంటవ్ గద బాపు. మొఖం కడుక్కునేటప్పుడు, చెప్పులేసుకునేటప్పుడు. నన్ను సూడకుంట అంటవ్. నాతోని ఇంకేం మాట్లాడవు, గదొక్కటే అంటవ్."

కొండల్ చెయ్యి తన పెదాల మీదికి పోయింది. ఏడాదిపాటు పలుపు తాడు కట్టినట్టు కట్టుకున్న నోరు, ఆ ఒక్క మాటను మాత్రం తనకు తెలియకుండా జారవిడుస్తూనే ఉందన్నమాట. ఇల్లంతా విన్నది. స్వరాజ్యం ఏదో గొణుగుడనుకుని వదిలేసి ఉంటుంది. పిల్ల వదల్లేదు.

"నీకెట్ల తెలిసింది బాపు?" అని పిల్ల అడిగింది. "లచ్చమ్మవ్వ సెప్పిందా?"

"ఏం తెలిసింది బిడ్డా?"

"నాయనమ్మను నేనే సంపిన అని."

కొండల్‌కు అర్థం కాలేదు. పిల్ల గోడకు ఆనుకుని, కన్నీళ్లు చొక్కా మీద పడుతుండగా, ఒక్కొక్క మాటే చెప్పింది. ఆ రోజు బాపు మందులకు పోయాక నాయనమ్మ చెంబిచ్చి పక్కింటి లచ్చమ్మ దగ్గరికి పంపింది. లచ్చమ్మ చెంబు నిండా కల్లు పోసింది. నాయనమ్మ సగం తాగి, చాలా బాగుంది బిడ్డా అని ముద్దు పెట్టుకుని, బాపుకు చెప్పకు అంది. "నువ్వు తాగి సావు అన్నవ్ గద. నేను ఇన్న. తాగితే సస్తదని తెలిసి సుత తెచ్చిన. తెల్లారి సచ్చిపోయింది. గప్పటిసంది నువ్వు నాతోని మాట్లాడుతలేవు. రోజు నన్ను గట్లంటవ్."

పెరట్లో బట్ట బండకేసి బాదుతున్న చప్పుడు మళ్లీ మొదలైంది. కొండల్ కూర్చున్నచోటి నుంచి జరిగి పిల్ల దగ్గరికి పోయాడు. పిల్ల గోడలోకి ఒదిగిపోయింది. చెయ్యి చాచి తల మీద పెట్టాడు. నుదురు జ్వరంతో కాలుతోంది.

"నిన్ను గాదు," అన్నాడు. "ఒక్కనాడు సుత నిన్ను అనలే. నన్ను నేను అనుకున్న బిడ్డా. మా అమ్మ నోరెండి అడిగితే తాగి సావన్న. గా మాట అన్నది నేను. గది నా నోట్లె ఇరికింది."

ఆ మాట ఎవరికీ చెప్పలేదు అతను. స్వరాజ్యానికి చెప్పలేదు, మాధవీలతకు చెప్పలేదు, బొంద దగ్గర తల్లికి చెప్పలేదు. సిగ్గుతో చెవులు భగ్గున మండాయి. పిల్ల ఏడుపు ఆపి తండ్రి మొహం చూసింది. తాను అంటే తాను అని ఒకే నేరానికి ఇద్దరు దొంగలు ఒప్పుకుంటుంటే పిల్లకు ఏం పాలుపోతుంది? పిల్లలు మాత్రమే అడగగలిగినట్టు సూటిగా అడిగింది.

"మరి నువ్వు సంపినవా బాపు?"

గొంతు సిద్ధంగానే ఉంది. చెవి పక్కనే ఉంది. అవునను, అంది. కొండల్ దాన్ని విన్నాడు, తరమలేదు. ఏడాదిగా అవుననే అంటున్నాడు, ఇంకోసారి అనడం అతనికి కష్టం కాదు. కానీ ఆ కళ్లు తన మొహం మీదే ఉన్నాయి. ఒక మాట అన్నవాడు హంతకుడైతే చెంబు మోసిన పిల్ల ఏమవుతుంది? తన మీద ఏ తీర్పు చెప్పుకుంటే అదే పిల్ల మీద పడుతుంది, బతికినంతకాలం. కాదని పైపైన అంటే కూడా లాభం లేదు, ఏడాదిగా అతని మొహాన్నే చదువుకుంటున్న పిల్ల ఇట్టే పట్టేస్తుంది. నిజంగానే అనాలి. తన సంగతి కూడా అందులో కలిపి, నమ్మి, అనాలి.

నాలుక బరువుగా కదిలింది.

"లేదు బిడ్డా," అన్నాడు. "నేను సంపలే. యాష్టకొచ్చి ఒక మాట అన్న, తప్పే, అనకుండాల్సింది. కాని సంపలే. ఆమె పానం అప్పటికే అయిపోయిందని డాక్టర్ సాబ్ సెప్పిండు, నేనే ఇనలే. నువ్వు సుత సంపలే. నువ్వు దూపైనోళ్లకు తాగనీకి తెచ్చిచ్చినవ్. ఆఖరికి ఆమెకు గొంతు తడిపింది నువ్వొక్కదానివే."

అఖిల అతని మొహంలోకి చాలాసేపు చూసింది, ఎక్కడైనా అబద్ధం ఉందేమోనని వెతికినట్టు. తర్వాత వచ్చి ఒళ్లో కూర్చుని అతని చొక్కాలో మొహం దాచుకుంది. కొండల్ ఊపిరి తీశాడు, పిల్ల దాంతోపాటు పైకీ కిందికీ కదిలింది. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో అతనికే తెలియదు, తల్లి కల్లు తాగి పాడే పాటల గురించి, బర్రె గురించి, వచ్చింది వచ్చినట్టు.

పెరట్లో బట్టలుతికే చప్పుడు ఆగింది. తడి చేతులతో స్వరాజ్యం తలుపు దాకా వచ్చి, చీకట్లో ఏమీ కనపడక, అక్కడే నిలబడిపోయింది.

"అఖిలా," అని భయం భయంగా పిలిచింది. "ఇంట్ల ఎవలే, మాట్లాడుతున్నది?"

"బాపు," అన్నది అఖిల.